చెన్నైలో వీధి సమస్య: 1913కా, యాప్‌కా, వార్డు ఆఫీసుకా, కౌన్సిలర్‌కా?

గట్టిగా ఒక్క వాన పడితే చాలు, చూళైమేడు నుంచి షోళింగనల్లూరు దాకా తెలుగువాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూపులన్నిట్లో ఒకటే ప్రశ్న: ఎవరికి చెప్పాలి? చెన్నై కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913కి ఫోన్ చేయమని ఒకరంటారు. కార్పొరేషన్ వాళ్ళదే నమ్మ చెన్నై యాప్‌లో ఫొటో పెట్టమని ఇంకొకరు. అవన్నీ దండగ, నేరుగా కౌన్సిలర్‌ని పట్టుకోమని మరొకరు. ముగ్గురూ తమకు పని జరిగిన దారే చెబుతున్నారు. చిక్కేమిటంటే ముగ్గురి సమస్యా ఒకటి కాదు.

ఏ దారి మేలన్నది ఒక్క ప్రశ్న మీద తేలిపోతుంది: మీరు అడిగేది మరమ్మతా, కొత్త పనా?

ఆరిపోయిన వీధి దీపం వెలిగించడం మరమ్మతు. స్తంభమే లేని చోట స్తంభం పాతించడం కొత్త పని. గుంత పూడ్చడం మరమ్మతు, వీధంతా తిరిగి రోడ్డు వేయడం కొత్త పని. కాలువ మీద విరిగిన పలక మార్చడం మరమ్మతు, కాలువే లేని వీధికి కాలువ తవ్వడం కొత్త పని. మరమ్మతుకు మనుషులూ, సామానూ, డబ్బూ ముందే కేటాయించి ఉంటాయి. వార్డు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఊఁ అంటే జరిగిపోతుంది. కొత్త పనికి అలా కుదరదు. అంచనా వేయాలి, పై నుంచి మంజూరు కావాలి, టెండరు పిలవాలి, ఆ తర్వాత కాంట్రాక్టరు దిగాలి. ఇలాంటి పనిని 1913లో నమోదు చేయిస్తే ఫిర్యాదు చేరేది మంజూరు చేసే అధికారం లేని ఉద్యోగి దగ్గరికి. పెండింగు జాబితాలో అది ఎన్నాళ్ళో ఉండకూడదు గనక 'నిధులు వచ్చాక చేపడతాం' అని రాసి మూసేస్తాడు. మీ ఫోన్‌కేమో 'పరిష్కరించాం' అని మెసేజ్ వస్తుంది. చాలామంది తిట్టుకునేది ఇక్కడే. అందులో సగం తిట్లు న్యాయమైనవే, మిగతా సగం మాత్రం అడగాల్సిన చోట అడగకపోవడం వల్ల వచ్చినవి.

దీనికన్నా ముందు చూసుకోవాల్సింది ఒకటుంది: అసలు అది కార్పొరేషన్ పనేనా? మంచినీళ్ళూ మురుగూ మెట్రో వాటర్‌వి. అది 1978 చట్టంతో ఏర్పడిన వేరే బోర్డు, కార్పొరేషన్ కమిషనర్ కింద ఉండదు. వాన నీటి కాలువలు మాత్రం కార్పొరేషన్‌వి. రెండూ ఒకే వీధిలో, ఒక్కోసారి మూడడుగుల తేడాలో ఉంటాయి కాబట్టి జనం తికమకపడతారు.

నీళ్ళు నిలిచినప్పుడు ఒకసారి బయటికెళ్ళి వంగి చూడండి. రోడ్డు మధ్యలో ఉన్న గుండ్రటి మూత అంచుల్లోంచి నల్లటి నీళ్ళు వాసనేస్తూ ఉబుకుతుంటే అది మురుగు. మెట్రో వాటర్‌కి 1916 గానీ 044-4567 4567 గానీ కొట్టండి. రోడ్డు అంచు వెంబడి కాంక్రీటు పలకలు వరసగా కప్పి ఉన్నది వాన నీటి కాలువ. రోడ్డు మీది నీళ్ళు అందులోకి దిగడానికి అక్కడక్కడా జాలీ వేసిన చిన్న గుంటలుంటాయి. కాలువలో నీళ్ళు పారుతూనే ఉండి రోడ్డు మీద మాత్రం నిలిచాయంటే, ఆ జాలీకి ఆకులూ, ప్లాస్టిక్ కవర్లూ, మట్టీ అడ్డం పడ్డాయన్నమాట. వార్డు పనివాళ్ళు వచ్చి గబగబా తీసేసే పని అది. ఫిర్యాదులో 'జాలీ మూసుకుపోయింది' అని రాస్తే చాలు, 'వీధంతా మునిగింది' అని రాస్తే ఎవరు రావాలో వాళ్ళకే తేలదు. కాలువ నిండా నీళ్ళుండి కదలకపోతే పూడిక మీ వీధిలో కాదు, దిగువన ఎక్కడో ఉంది. ఇక వానే లేని మే నెలలో కూడా వాన కాలువలో నల్లటి నీళ్ళు పారుతుంటే, ఎవరో మురుగు గొట్టాన్ని అందులోకి తిప్పారని అర్థం. దీన్ని మాత్రం రెండు చోట్లా నమోదు చేయించి, ఒకరి ఫిర్యాదు నంబరు ఇంకొకరికి ఇవ్వండి. లేకపోతే వాళ్ళ మీద వీళ్ళూ, వీళ్ళ మీద వాళ్ళూ చెప్పుకుంటూ కాలం గడుపుతారు.

కరెంటు తీగ తెగినా, ట్రాన్స్‌ఫార్మర్ నిప్పులు కక్కినా విద్యుత్ బోర్డు ఫిర్యాదుల కేంద్రం 'మిన్నగం' నంబరు 94987 94987. వీధి దీపం ఒక్కటే కార్పొరేషన్‌ది. రోడ్లలోనూ తేడాలున్నాయి. లోపలి వీధులు జోన్ ఇంజినీర్లవి, బస్సులు తిరిగే రోడ్లు కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం రిపన్ బిల్డింగ్‌లోని ప్రత్యేక విభాగానివి. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) లాంటివి అసలు కార్పొరేషన్ చేతిలోనే లేవు.

ఇంకో మాట. 2011లో నగరాన్ని 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కు పెంచి, 15 జోన్లు, 200 వార్డులు చేశారు. అయినా ఐటీ ఉద్యోగాలకొచ్చిన మనవాళ్ళు ఉండే చోట్లు కొన్ని ఆ గీతకు బయటే ఉన్నాయి. తాంబరం, పల్లావరం, పమ్మల్ తాంబరం కార్పొరేషన్‌లోవి. ఆవడి ఇంకో కార్పొరేషన్. మేడవాక్కం, నావలూరు, కేళంబాక్కం పంచాయతీలు. అక్కడుంటూ 1913కి ఎన్నిసార్లు కొట్టినా లాభం లేదు. నగరంలోనే ఉన్నవాళ్ళకు జోన్ నంబరు ఆస్తిపన్ను బిల్లు మీదే దొరుకుతుంది. బిల్లు నంబరులో మొదటి రెండంకెలు జోన్, తర్వాతి మూడూ వార్డు. వార్డుల పునర్విభజన జరిగింది కాబట్టి పాత బిల్లయితే వార్డు నంబరు మాత్రం ఓసారి సరిచూసుకోండి.

ఇక అసలు పోటీ. మరమ్మతుకు 1913 మేలా, యాప్ మేలా? యాప్ వైపే నా ఓటు. ఫోన్ చేస్తే మీరు చెప్పింది విని, ఏ రకం ఫిర్యాదో అవతలి మనిషి ఎంచుతాడు. 'కాలువ' అన్న ఒక్క మాటను వాన కాలువ అనుకోవాలో మురుగు అనుకోవాలో అతనికేం తెలుసు? యాప్‌లో ఆ ఎంపిక మీదే. పైగా ఫొటో వెళుతుంది, చోటు గుర్తు వెళుతుంది. 'అక్కడ ఏమీ లేదు' అని రాసి మూయడం కష్టమవుతుంది.

యాప్‌లో తప్పులు జరిగే చోట్లు రెండు మూడే. ఫొటో వీధిలో తీసి, ఫిర్యాదు ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని పెడతారు. చోటు గుర్తు మీ ఇంటి మీద పడుతుంది. ఇల్లూ వీధీ వేర్వేరు వార్డులైతే ఇక అంతే, ఆ వార్డు వాళ్ళు మాది కాదంటారు. నిలబడ్డ చోటు నుంచే పెట్టండి. చెత్త, గుంత, దీపం మూడూ కలిపి ఒకే ఫిర్యాదులో రాస్తే వాటిలో ఏదో ఒకటి చేసి మూసేస్తారు. ఒక్కోదానికి ఒక్కో ఫిర్యాదు పెట్టాలి. ఫొటోలు రెండుండాలి: దగ్గరగా ఒకటి, వెనక షాపు బోర్డో గేటు నంబరో కనబడేలా దూరం నుంచి ఇంకొకటి. ఒక్కటే పెట్టే వీలుంటే దూరంగా తీసిందే పెట్టండి. రాసేది ఇంగ్లీషులోనో తమిళంలోనో ఉండాలి, తెలుగులో రాస్తే చదివే ఏఈ దొరకడం అదృష్టమే.

దీపాల విషయంలో స్తంభం మీద రంగుతో రాసిన నంబరు తప్పక ఇవ్వాలి. ఎన్ని దీపాలు ఆరాయో కూడా చెప్పండి. ఒక్కటే ఆరితే దీపమో, దానికి కరెంటు సరిచేసి ఇచ్చే డ్రైవర్ పెట్టో పోయింది, నిచ్చెన బండి వస్తుంది. వరసగా నాలుగైదు ఆరితే లోపం కేబుల్లోనో, వాటన్నిటికీ కరెంటిచ్చే స్విచ్ పెట్టెలోనో ఉంటుంది. దానికి వేరే మనుషులు రావాలి. 'దీపం వెలగట్లేదు' అని మాత్రమే రాస్తే ఒక్క దీపం మార్చి, అదీ వెలగక, తిరిగి వెళ్ళిపోతారు.

1913 యాప్‌ను మించేది ఎక్కడంటే, ఆగలేని చోట. రాత్రిపూట చెట్టు కూలింది, కాలువ మీద పలక లేక గోతిలా ఉంది, ఇంట్లోకి నీళ్ళు వస్తున్నాయి. అప్పుడు యాప్ తెరిచి వరసలు నింపుతూ కూర్చోకండి. రిపన్ బిల్డింగ్‌లోని కంట్రోల్ రూమ్ 24 గంటలూ పనిచేస్తుంది. పెద్దవాళ్ళకూ ఫోనే సులువు. ఏ దారిలో వెళ్ళినా ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి, ముందు ముందు మీ చేతిలో ఉండే సాక్ష్యం అదొక్కటే.

పని జరగకుండానే మూసేశారా? కొట్లాడే ముందు అదే రోజు అదే చోట ఇంకో ఫొటో తీసి, పాత నంబరు రాసి కొత్త ఫిర్యాదు పెట్టండి. రెండోసారీ అలాగే మూస్తే యాప్ పని అయిపోయినట్టే. ఆ రెండు నంబర్లతో వార్డు ఆఫీసుకి వెళ్ళాలి.

వార్డు ఆఫీసు అంటే చాలామందికి బెరుకు, ముఖ్యంగా తమిళం అంతంతమాత్రంగా వచ్చినవాళ్ళకు. అక్కడ కలవాల్సింది ఇద్దరినే: రోడ్డు, కాలువ, పలకలకు ఏఈ, చెత్త, దోమలకు శానిటరీ ఇన్‌స్పెక్టర్. పారిశుధ్య సిబ్బంది హాజరు తెల్లవారుజామునే పడుతుంది, పదింటికి వెళ్తే అందరూ వీధుల్లో ఉంటారు. చెత్త సేకరణ చాలా జోన్లలో ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతిలో ఉంది, అయినా బండి రాకపోతే అడగాల్సింది కార్పొరేషన్‌నే. బండి డ్రైవర్‌తో గొడవపడి లాభం లేదు. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. 'ఫలానా వీధి' అని వదిలేయకుండా ఏ నంబరు ఇంటి నుంచి ఏ నంబరు ఇంటి దాకా అన్నది రాయండి. పాత ఫిర్యాదు నంబర్లూ, ఫొటోల ప్రింట్లూ, పదీ పదిహేను ఇళ్ళ సంతకాలూ జతచేయండి. ఒక్క ఇంటి అర్జీకీ వీధి అర్జీకీ ఏఈ ఇచ్చే బరువు వేరు. పదే పదే తిరగబెట్టే సమస్యకు ఇదే సరైన దారి. మూడు నెలలకోసారి అదే చోట గుంత పడుతోందంటే కింద గొట్టం కారుతోందనో, ఎవరో తవ్వి సరిగ్గా కూరలేదనో అర్థం. ఆ ముక్క యాప్‌లో ఎన్నిసార్లు రాసినా తారు పోసి వెళ్తారు, మనిషికి చూపిస్తేనే అర్థమవుతుంది.

మెట్రో వాటర్‌కి ఇలాంటిదే ఒక మంచి ఏర్పాటుంది, మనవాళ్ళు పెద్దగా వాడుకోరు. ప్రతి నెలా రెండో శనివారం ఏరియా ఆఫీసుల్లో ఓపెన్ హౌస్ పెడతారు, పదింటి నుంచి ఒంటిగంట దాకా. బిల్లులో తప్పులు, నీళ్ళలో మురుగు కలవడం లాంటివి అక్కడ ఎదురుగా కూర్చుని చెప్పొచ్చు.

కొత్త పని అయితే మాత్రం కౌన్సిలరే. 2016 నుంచి 2022 దాకా చెన్నైకి కౌన్సిలే లేదు, అంతా అధికారులే నడిపారు. అందుకే పాత కాపురస్తుల్లో చాలామందికి కౌన్సిలర్‌ని అడగొచ్చన్న అలవాటే తప్పింది. 2022 ఫిబ్రవరి ఎన్నికల తర్వాత పరిస్థితి మారింది. కౌన్సిలర్‌కి వార్డు అభివృద్ధి నిధి ఉంటుంది. జోన్ స్థాయి వార్డు కమిటీలో కూర్చుంటారు, మీ వీధి పనిని జాబితాలో చేర్చమని అడిగే హక్కు ఉంటుంది. సగం వార్డులు మహిళలకు కేటాయించారు. ఫోన్ భర్త ఎత్తడం, మాట ఆయనే ఇవ్వడం మామూలే. మాట ఎవరిచ్చినా, అర్జీ మాత్రం కౌన్సిలర్ పేరునే రాసి, ఆమె సంతకంతోనే ఏఈకి పంపించమనండి. గుంతకీ, దీపానికీ కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళడం దండగ. వాళ్ళూ 1913కే చెప్పిస్తారు, మీ పేరు మీద నంబరు ఉండదు, అంతే తేడా.

కాలం కూడా చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు, ఆ రోజుల్లో రోడ్డు వేయమని అడిగితే ఎవరూ కదలరు. కాలువ పూడిక తీయించాలంటే ఆగస్టులోనే అడగాలి. కొత్త రోడ్డో కాలువో కావాలంటే వానలు తగ్గాక, కార్పొరేషన్ బడ్జెట్ తయారయ్యే లోపు కౌన్సిలర్ చేతికి అర్జీ అందాలి.

కుక్కల మీద ఫిర్యాదు ఎక్కడ పెట్టినా ఒకటే. 2023 నిబంధనల ప్రకారం మామూలుగా పట్టుకెళ్ళి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. తిరిగొచ్చిందని మళ్ళీ ఫిర్యాదు పెట్టినా ఫలితముండదు.

మిగతా దారులు పెద్దగా చెప్పుకోదగ్గవి కావు. ఎక్స్‌లో కార్పొరేషన్‌ని ట్యాగ్ చేస్తే జవాబు త్వరగానే వస్తుంది, కానీ చివరికి అదీ ఒక ఫిర్యాదు నంబరుగానే మారుతుంది. ముఖ్యమంత్రి హెల్ప్‌లైన్ 1100కి చెప్పినా తిరిగి జోన్ ఆఫీసుకే వస్తుంది. ఇక సమాచార హక్కు దరఖాస్తు ఫిర్యాదు కిందికి రాదు. ₹10 రుసుము, 30 రోజుల గడువు. 'రోడ్డు ఎందుకు వేయలేదు' అని అడిగితే జవాబు రాదు. 'ఈ వీధికి చివరిసారి ఏ తేదీన రోడ్డు వేశారు, వర్క్ ఆర్డర్ కాపీ ఇవ్వండి, కాంట్రాక్టరు బాధ్యత గడువు ఎప్పటిదాకా' అని అడగండి. ఆ గడువు ఇంకా మిగిలి ఉంటే మరమ్మతు ఖర్చు కాంట్రాక్టరుదే, ఏఈకి కొత్తగా మంజూరు కోసం పైకి రాయాల్సిన పని కూడా ఉండదు.