ఆటల పెట్టె: పేకకు ఫుల్ మార్కులు, ఎర్ర పాచికకు కాదు

పోయిన నెల కర్నూల్లో కొండారెడ్డి బురుజు దగ్గర ఒక స్టేషనరీ కొట్లో ఈ పెట్టె కొన్నా. 240 రూపాయలు. ఒక పేక కట్ట, ఒక ఎర్ర పాచిక, ఒక తెల్ల పాచిక. సాయంత్రాలు ఇంట్లో నలుగురు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తుంటా. సంభావ్యత పాఠం వచ్చిన ప్రతిసారీ "ఒక పాచికను దొర్లించగా" అని బోర్డు మీద రాయడమే గానీ ఏనాడూ దొర్లించిన పాపాన పోలేదు.

పేక బాగుంది. ప్లాస్టిక్ కోటింగు, కలిపితే చేతిలో సర్రున జారుతుంది. జోకర్లు తీసేసి లెక్కపెడితే సరిగ్గా 52. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు తలా 13. వరసగా రెండు ఆసులు వచ్చే అవకాశం ఎంతరా అంటే ముగ్గురు 169లో ఒకటి అన్నారు. మొదటి ఆసు తీసి ఒకడి జేబులో పెట్టించా. ఇప్పుడు కట్టలో ముక్కలెన్ని, ఆసులెన్ని? 51, 3. 4/52ను 3/51తో గుణిస్తే 221లో ఒకటి. ముక్క జేబులో కనిపిస్తోంది కాబట్టి రెండోసారి చెప్పే పని పడలేదు. (ఒకమ్మాయి వాళ్లమ్మ మాత్రం "సార్, పేకాట నేర్పిస్తున్నారంట" అని ఫోన్ చేసింది. అది పెట్టె తప్పు కాదులెండి.)

తంటా అంతా ఎర్ర పాచికతోనే. మొదటిరోజు 60 సార్లు వేస్తే ఆరు 14 సార్లు పడింది. పది పడాల్సింది పద్నాలుగు, "దొంగ పాచిక సార్" అని ఒకటే గోల. 60కి ఆ మాత్రం తేడా మామూలే, ఆగండ్రా అన్నా. ఆదివారం గచ్చు మీద దుప్పటి పరిచి తలా 150 వేశారు. 600కి ఒక్కో ముఖం వంద చుట్టుపక్కల, మహా అయితే ఇరవై అటూ ఇటూగా పడాలి. ఆరు 131, ఒకటి 74! మిగతా నాలుగూ 95కూ 104కూ మధ్యే.

దగ్గర పెట్టుకుని చూస్తే గుట్టు తెలిసింది. చుక్కలు లోతుగా తొలిచి పైపైన రంగు పూశారు. ఆరు వైపు ఆరు గుంటలు, దానికి ఎదురు ముఖం ఒకటి, అక్కడ ఒక్కటే గుంట. ఒకటి వైపు బరువెక్కువ, అది కిందికి పోతుంది. గ్లాసు నీళ్లలో ఇక కరగనంత ఉప్పు కలిపి వేశాం. తేలింది. వేలితో ఎటు తిప్పినా మెల్లగా దొర్లి ఆరే పైకొచ్చింది. తెల్లదానికి చుక్కలు అచ్చేసినవి, ఎటు వదిలితే అటే ఉండిపోయింది.

మా అవ్వ అష్టాచెమ్మాకు చింతగింజల్ని అరుగు మీద ఒక పక్క అరగదీసేది. ఒక్కో గింజ సగం సగం పడితే నాలుగూ తెల్లగా పడి చెమ్మా వచ్చేది 16లో ఒకసారి. ఆమెకు అంతకంటే ఎక్కువే పడేవి. అనుమానం ఇప్పుడొస్తోంది.

కొట్టుకు తీసుకుపోతే ఆయన "ఏం సార్, పాచికకు కూడా గ్యారంటీనా?" అని నవ్వి, డబ్బాలోంచి ఇంకో తెల్లది ఇచ్చాడు. మీరు కొంటే అక్కడే చుక్కల మీద గోరు పెట్టి చూడండి, గుంట తగిలితే మార్చమనండి.

ఎర్రది వెనక్కి అడగలేదు, తెచ్చి సొరుగులో పడేశా. నిన్న చూస్తే లేదు. చెనిక్కాయల పందెంలో ఎవడు ఆరు మీదే కాస్తున్నాడో కనిపెట్టాలి.