జంపఖానా అమ్మాలంటే నమ్మకమా, లెక్కా, మనసా: ఏది మేలు?

వరంగల్ దర్రీలకు, అంటే జంపఖానాలకు, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా వరంగల్‌లో నేతన్నల పేట కొత్తవాడ జంపఖానా గురించి వచ్చే వాట్సాప్ మెసేజ్ చాలాసార్లు ఇట్లనే ఉంటది: "అద్భుతమైన నాణ్యత, అతి తక్కువ ధర, త్వరపడండి!" ఎదుటివారిని ఒప్పించే దారులు మూడని క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ చెప్పాడు. చెప్పేవారి మీద నమ్మకం ఎథోస్, మాటలోని తర్కం లోగోస్, వినేవారి మనసు కదలడం పాథోస్. పై మెసేజ్‌లో ఒక్కటీ లేదు.

తెలియని గిరాకీకి ఫోన్ మీద అమ్మేటప్పుడు ఎథోసే మేలు. ఆ నమ్మకం పాత పేరు వల్ల కాదు, చెప్పే మాటలోంచే పుట్టాలంటాడు అరిస్టాటిల్. అందుకే "40 ఏళ్ల అనుభవం" అన్న బోర్డు నిజామాబాద్‌లో ఫోన్ చూస్తున్న మనిషికి పెద్దగా పనికిరాదు. నమ్మకానికి ఆయన చెప్పినవి మూడు: విషయం తెలిసి ఉండటం, నిజాయితీ, ఎదుటివారి మేలు కోరడం. మూడూ నాలుగు వరుసల్లో పట్టించవచ్చు:

"పూర్తి నూలు, 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. ఎరుపు మొదటి రెండు ఉతుకుల్లో కొద్దిగా వదులుతుంది, తెల్లబట్టలతో కలపకండి. గది చిన్నదైతే 3 బై 5 చాలు. ధర ఇంత."

లోపాన్ని ధర కంటే ముందే చెప్పాలి. ధర తర్వాత చెప్తే సాకులా వినిపిస్తుంది. ఫొటోలు కూడా మాట్లాడతాయి: టేపు పరిచి ఒకటి, అంచు ముడులు దగ్గర నుంచి ఒకటి, తిరగేసి ఒకటి.

ఫంక్షన్ హాలు, బడి లాంటి టోకు బేరాలకు లోగోస్ ముందుండాలి. 1,500 రూపాయల జంపఖానా 5 ఏళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 300. ఏటా మార్చే 500 రూపాయల ప్లాస్టిక్ చాపతో పోల్చి ఈ ఒక్క లెక్క చూపిస్తే చాలు, మూడు లెక్కలు పెడితే ఎవరూ చదవరు. ఇంకో కిటుకుంది. డోరియస్ అనే ఆటగాడు ఒలింపియా పోటీల్లో గెలిచాడంటే చాలు, గెలిచినవారికి ఇచ్చే కిరీటం సంగతి చెప్పనక్కర్లేదు, అది అందరికీ తెలుసంటాడు అరిస్టాటిల్. అట్లనే "రెండు వైపులా పరచవచ్చు" అని ఆపేయండి. ఒక వైపు మాస్తే తిప్పి వేసుకోవచ్చన్న ముక్క కొనేవారే పూర్తి చేసుకుంటారు, తమకు తట్టిన మాటను గట్టిగా నమ్ముతారు. అయితే ఆ ముక్క వాళ్లకు ముందే తెలిసి ఉండాలి. "గుంట మగ్గం మీద నేసింది" (నేసేవారు గుంటలో కాళ్లు పెట్టి కూర్చునే మగ్గం) అంటే కొత్తవాడలో అర్థమవుతుంది, హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో వివరించాలి.

పాథోస్‌కు బలం ఎక్కువ, చెడగొట్టేదీ అదే. వినేవారి భావాలను రెచ్చగొట్టి తీర్పు రాబట్టడమంటే కొలిచే బద్దను ముందే వంచడమేనని అరిస్టాటిల్ హెచ్చరిక. భయం గురించి ఆయన గమనించింది వరంగల్ ఏనుమాముల మార్కెట్ దారిలో పురుగుమందుల పోస్టర్లు రాసేవాళ్లు తప్పక తెలుసుకోవాలి: బయటపడే ఆశ కొంచెమన్నా ఉంటేనే భయపడిన మనిషి ఆలోచిస్తాడు. 2021లో నల్ల తామర పురుగు దెబ్బ చూసిన మిరప రైతుకు "తోట పోయినట్టే" అని రాస్తే మనసు మూసుకుంటాడు. పూతలో ఏం గమనించాలి, నీలం రంగు జిగురు అట్టలు ఎకరానికి ఎన్ని, ఎంత ఎత్తున కట్టాలి అన్నది అదే పోస్టర్‌లో ఉండాలి. లేకపోతే అది రైతును బెదిరించడమే, అది తప్పు.

పాత గిరాకీకి మాత్రం పాథోస్ చక్కగా పనిచేస్తుంది, సమయం కుదిరితే. తగిన అదనును గ్రీకులు కైరోస్ అన్నారు. జంపఖానాకు ఆ అదను దసరా రోజు కాదు. బతుకమ్మకు ముందు ఇల్లు దులిపి, పాత పరుపులూ చాపలూ వాకిట్లో ఎండేసే రోజుల్లో, మధ్యాహ్నం పని తెమిలాక పంపండి. "ఆడబిడ్డలు వచ్చేసరికి" అన్న రెండు మాటలు ముందు పెట్టి, కింద కొలత, రంగు సంగతి, ధర రాయండి.