ఐపీసీఎస్: ఏళ్ల తరబడి డంపులు చదివాక నా అభిప్రాయం

ఐపీసీఎస్ అంటే ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో డంపులు (సమస్య వచ్చిన క్షణంలోని మెమరీ నకలు) చదివే సాధనం. కోబాల్ ప్రోగ్రామ్‌లో 0సీ7 (అంకెలు ఉండాల్సిన చోట చెల్లని డేటా) వచ్చిందని ఎవరైనా అడిగితే నేను ఐపీసీఎస్ తెరవమని చెప్పను. ఫాల్ట్ అనలైజర్ లాంటిది ఉంటే ఏ లైన్లో పడిందో అదే చూపిస్తుంది, పని అయిపోతుంది. కానీ సమస్య సిస్టమ్‌లోనే ఉన్నప్పుడు, లేదా అబెండ్ (ప్రోగ్రామ్ అర్ధాంతరంగా పడిపోవడం) లేకుండానే జాబ్ కదలకుండా ఉండిపోయినప్పుడు, నేను నమ్ముకునేది ఐపీసీఎస్‌నే. మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్‌తోనే వస్తుంది, విడిగా కొనక్కర్లేదు.

డంపు చేతికి రాగానే నేను ముందు కొట్టేది స్టేటస్ ఫెయిల్‌డేటా కమాండ్. 0సీ4 (తాకకూడని లేదా అందుబాటులో లేని మెమరీని తాకడం) అయితే మాడ్యూల్ పేరు, ఆఫ్‌సెట్, ఆ క్షణంలోని పీఎస్‌డబ్ల్యూ (ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరుందో చెప్పేది), రిజిస్టర్లు అన్నీ ఒకే చోట ఇస్తుంది. ఇక్కడ రీజన్ కోడ్ తప్పకుండా చూడాలి. 4 అంటే ప్రొటెక్షన్ ఎక్సెప్షన్. అప్పుడు పీఎస్‌డబ్ల్యూ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ మీద ఉంటుంది, దాని పొడవు తీసేసి వెనక్కి రావాలి. అదే 11 అయితే పేజ్ ట్రాన్స్‌లేషన్, పీఎస్‌డబ్ల్యూ ఫెయిలైన ఇన్‌స్ట్రక్షన్ మీదే ఉంటుంది. ఈ తేడా తెలియకపోతే పక్క ఇన్‌స్ట్రక్షన్ పట్టుకుని పొద్దంతా వెతుకుతారు. ఆ తర్వాత సిస్‌ట్రేస్, అంటే సిస్టమ్ ట్రేస్. పడిపోవడానికి ముందు ఏయే ఎస్‌వీసీలు (ఆపరేటింగ్ సిస్టమ్ సేవలు) పిలిచిందో అందులో వరసగా కనిపిస్తాయి.

హ్యాంగ్ కేసుల్లో దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఒక చోట రాత్రి బ్యాచ్ ఆగిపోయింది. ఎన్‌క్యూ (ఫైల్ లాంటి వనరుపై వేసే తాళం) ఎవరి దగ్గరుందో డిస్‌ప్లే జీఆర్ఎస్ కమాండ్ చెప్పేసింది, కానీ ఆ జాబ్ ఎందుకు వదలడం లేదో చెప్పలేదు. అందరూ క్యాన్సిల్ చేసేద్దామనే టెన్షన్‌లో ఉన్నారు. ముందు కన్సోల్ డంపు తీసి, సమ్మరీ ఫార్మాట్‌లో ఆ జాబ్ టీసీబీలు (ఒక్కో టాస్క్ వివరాలు సిస్టమ్ రాసుకునే కంట్రోల్ బ్లాకులు) ఒక్కొక్కటే చూశాం. మెయిన్ టాస్క్ ఒక ఈసీబీ (ఎదురుచూసే పని అయ్యిందని తెలిపే గుర్తు) మీద వెయిట్‌లో ఉంది. దాన్ని పోస్ట్ చేయాల్సిన సబ్‌టాస్క్ టీసీబీలో కంప్లీషన్ కోడ్ 0సీ4! సబ్‌టాస్క్ ఎప్పుడో చనిపోయింది, మెయిన్ టాస్క్‌కి ఆ సంగతే తెలియదు. డంపు తీయకుండా క్యాన్సిల్ చేసి ఉంటే ఆ ఆధారం పోయేది, మర్నాడు మళ్లీ అదే కథ.

లోపాలూ ఉన్నాయి. పెద్ద డంపు మొదటిసారి తెరిస్తే చాలాసేపు కూర్చోవాలి. డంపు ఏ రిలీజ్‌దో ఐపీసీఎస్ కూడా అదే లెవెల్‌లో ఉండాలి, లేకపోతే కంట్రోల్ బ్లాకులు సరిగ్గా ఫార్మాట్ కావు. అన్నిటికంటే బాధ పెట్టేది పార్షియల్ డంపు, అంటే అసంపూర్ణంగా మిగిలినది. ఎస్‌వీసీ డంపుకి (సిస్టమ్ తీసే డంపు) మ్యాక్స్‌స్పేస్, అంటే వాడుకోగల గరిష్ఠ చోటు, డిఫాల్ట్ 500 మెగాబైట్లే, ఇప్పటి అడ్రస్ స్పేస్‌లకు (ఒక్కో జాబ్‌కి ఉండే మెమరీ) అది చాలదు. ఐఈఏ611ఐ మెసేజ్‌లో పార్షియల్ అని ఉందంటే, మనకు కావలసిన స్టోరేజే అందులో లేకపోవచ్చు. అది ఐపీసీఎస్ తప్పు కాదు, అయినా దెబ్బ తగిలేది దాన్ని వాడేవాళ్లకే. అలాగే కన్సోల్ డంపు అడిగేటప్పుడు ఎస్‌డేటాలో (డంపులో ఏమేం ఉండాలో చెప్పే జాబితా) జీఆర్ఎస్‌క్యూ పెట్టండి. పెట్టకపోతే తర్వాత ఎనలైజ్ కమాండ్‌కి ఎన్‌క్యూల సమాచారం దొరకదు.

కొత్తవాళ్లకు ఇది కష్టమే, ఒప్పుకోవాల్సిందే. స్క్రీన్ ఏ దారీ చూపించదు, టీసీబీ, ఆర్‌బీ, ఏఎస్‌సీబీ లాంటి కంట్రోల్ బ్లాకులంటే ఏమిటో ముందే తెలిసి ఉండాలి. కానీ బ్రౌజ్‌లో పాయింటర్ పక్కన ప్రశ్నార్థకం పెడితే 31 బిట్ అడ్రస్‌కి, ఆశ్చర్యార్థకం పెడితే 64 బిట్ అడ్రస్‌కి తీసుకెళ్లే ఆ సదుపాయం ఒకసారి అలవాటైతే చెయ్యి ఆగదు. సాధనకు డంపు కూడా అక్కర్లేదు. సోర్స్‌గా యాక్టివ్ అని ఇస్తే మీ సొంత అడ్రస్ స్పేస్‌నే చూపిస్తుంది. మిగతా కంట్రోల్ బ్లాకులకు దారి చూపే సీవీటీతో మొదలుపెట్టి ఒక్కో చెయిన్ పట్టుకుని వెళ్లండి.