తంగు తొడుగు కొనేముందు బొచ్చు కుదురు చూడండి: తోటి గుర్రపు యజమానులకు హెచ్చరిక

మలక్‌పేట రేసుల నుంచి విరమించిన థరోబ్రెడ్ ఆడగుర్రం ఒకటి మా దగ్గర ఉంది. ఆ జాతి గుర్రాలకు చర్మం సహజంగానే పలుచన. మాది మరీ సుకుమారం, బ్రష్ కాస్త గట్టిగా తగిలినా చెవులు వెనక్కి వాల్చేస్తుంది. జీనును పొట్ట కింద బిగించే తంగు దానికి ఒరుసుకోకూడదని గత వేసవిలో ఆన్‌లైన్‌లో ఒక తొడుగు తెప్పించాను. అమ్మినవారి పేరు చెప్పను గాని, 'అసలు గొర్రెతోలు' అని ప్రకటించి, ధర కూడా అందుకు తగ్గట్టే వసూలు చేశారు.

ఐదో రోజు స్వారీ ముగించి తంగు విప్పేసరికి, ముందుకాలి మోచేయి వెనుక అరచేయంత మేర వెంట్రుకలు ఊడిపోయి, చర్మం ఉబ్బి, నడుమ రసి కారుతోంది. తొడుగును నొక్కితే చెమట ధారగా దిగింది. అనుమానం వచ్చి, గడ్డివాముకు దూరంగా వెళ్లి, నాలుగు పోగులు తెంపి గుర్రాన్ని చూసుకునే మా సైసు చేత అగ్గిపుల్లతో అంటింపజేశాను. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన కంపు కొట్టి, మంట దానంతటదే ఆరి, నలిపితే పొడి కావాలి. ఇది మాత్రం కరిగి నల్లని గట్టి పూసలా ముడుచుకుంది. అసలు ఉన్ని తన బరువులో సుమారు 30 శాతం తేమను పీల్చుకున్నా తడిగా అనిపించదు, పాలిస్టర్ బొచ్చు పీల్చుకోదు కనుక చెమట చర్మానికే అంటి ఉండి, నానిన చోట ఒరిపిడి తగిలి పుండవుతుంది.

వాడిన సరుకు వాపసు తీసుకోబోమని అమ్మినవారు తేల్చేశారు. కాబట్టి డబ్బు కట్టకముందే, బొచ్చును పాయ తీసి కుదురు కనిపించేలా తీసిన ఫొటో అడగండి: అసలుదైతే వెంట్రుకలు తోలులోంచే మొలిచి ఉంటాయి, నకిలీదైతే అడుగున నేసిన గుడ్డ కనిపిస్తుంది. తొడుగు మందం వల్ల తంగు ఒకటి రెండు రంధ్రాలు పొట్టిదైపోవచ్చు, అదీ కొలుచుకోండి.

నా తప్పూ ఒకటి ఒప్పుకోవాలి. అంతకుముందున్న అసలు తొడుగును మామూలు బట్టల సోపు పొడితో వేడినీళ్లలో ఉతికి, డాబా మీద మిట్టమధ్యాహ్నం ఆరవేసి అప్పడంలా చేసింది నేనే. ఇప్పుడు స్వారీ అయిన ప్రతిసారీ ఎండిన చెమటను, రాలిన వెంట్రుకలను బ్రష్‌తో దులిపి, 30 డిగ్రీలు దాటని నీటిలో ఉన్ని బట్టల ద్రవంతో ఉతికి, నురగ పోయేదాకా జాడించి, నీడలోనే ఆరబెడుతున్నాను. గజ్జి, తామర అంటుకుంటాయని వేరే గుర్రానికి వాడనివ్వడం లేదు. తంగు బిగించాక ముందుకాళ్లను ఒక్కొక్కటిగా ముందుకు సాగదీసి, కింద చిక్కిన చర్మపు ముడతలు విప్పుతాడు మా సైసు.

మూడు వారాలు జీను వేయకుండా ఉంచాక పుండు మానింది గాని, ఆ ఎర్రని ఒంటి మీద అక్కడ మొలిచిన వెంట్రుకలు మాత్రం తెల్లగా వచ్చాయి.