ప్రొజెక్టర్‌కి ఫిల్టర్ కొంటున్నారా? గాజు అని ప్లాస్టిక్ అంటగడుతున్నారు, జాగ్రత్త

షాపు నుంచి ఇప్పుడే ఇంటికొచ్చాను, కోపంతో చేతులు ఇంకా వణుకుతున్నాయి. జగదాంబ వైపు కెమెరా సామాన్ల షాపే. వైజాగ్‌లో ఇంట్లో తెర కట్టుకున్నవాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు.

నాది ల్యాంప్ ప్రొజెక్టర్. ఆ మెర్క్యురీ ల్యాంపుల్లో ఆకుపచ్చ, నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. మెనూలో ఆ రెండూ తగ్గించి తెలుపుని 6500 కెల్విన్‌కి, అంటే సినిమాలకి సరైన తెలుపుకి, తెస్తే వెలుగు పోతుంది, నలుపు మాత్రం బూడిదగానే ఉండిపోతుంది. లెన్స్ ముందు ఎర్ర ఫిల్టర్ పెడితే నలుపులోకి కారే ఆకుపచ్చ, నీలం కూడా తగ్గుతాయి. అందుకే సీసీ30ఆర్ అనే ఎర్ర ఫిల్టర్ అడిగాను. ఎరుపుని అలాగే పోనిచ్చి మిగతా రెండిటినీ సగానికి తగ్గిస్తుంది. గాజుదే కావాలని మూడుసార్లు చెప్పాను. "ఒరిజినల్ గ్లాసే సార్" అని 2,800 తీసుకున్నాడు.

రాత్రి పెట్టి చూస్తే సబ్‌టైటిల్ అక్షరాలకి నీడలు. ఫోకస్ ఎంత తిప్పినా అంతే. ఫిల్టర్ తీస్తే మళ్ళీ సూదిలా ఉంది. రింగు విప్పాను. లోపల గుండ్రంగా కత్తిరించిన ఎర్ర ప్లాస్టిక్ ముక్క, అంచులు గరుకుగా.

పొద్దున్న నాన్నగారితో కలిసి వెళ్ళాను. నిన్న సార్ అన్న నోటితోనే "ఏటి బాబూ, గాజు తీసేసుకుని ప్లాస్టిక్ నువ్వే పెట్టుకొచ్చావేటి?" అన్నాడు. షాపులో జనం అంతా నా వైపు తిరిగారు. డబ్బా మీద ధర వాడి చేతిరాతే అని చూపించాను. దాన్ని చూడను కూడా చూడలేదు. నాన్నగారి వైపు తిరిగి, "పెద్దాయనా, మీ అబ్బాయికి బుద్ధి చెప్పుకోండి" అన్నాడు. జీవితంలో ఎవరి దగ్గరా రూపాయి ఎగ్గొట్టని మనిషి ఆయన. ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని "పదరా" అన్నారు. దారంతా మాట్లాడలేదు. 2,800 పోతే పోయాయి, ఆయన్ని ఆ మాట పడనిచ్చాను.

తప్పు నాది కూడా. బిల్లు అయితే జీఎస్టీ పడుతుందంటే సరేనని బిల్లు లేకుండానే తీసుకున్నాను. ఫొటో తీయకుండా రింగు విప్పాను.

కొనేవాళ్ళు బిల్లు లేకుండా కదలకండి. షాపులోనే ఫోన్ కెమెరా ముందు ఫిల్టర్ పెట్టి చిన్న అక్షరాలు చూడండి, గోరుతో తట్టి చప్పుడు వినండి. లేజర్, ఎల్ఈడీ ప్రొజెక్టర్లకి ఈ లెక్క వేరు, వాటికోసం కొనకండి.

యూపీఐలో కట్టిన రుజువు ఉంది, డబ్బా ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను.