తొడుగులు తీయకుండా ముడి వేయడం: శీతాకాల పర్వతారోహణ శిక్షణ గురించి

మంచు కొండల మీద తాడు పని నేర్పే శిక్షణ యాత్రకు డబ్బు పెట్టవచ్చా అని అడిగితే, పెట్టవచ్చనే నా మాట. నేను వెళ్లిన సంస్థలో నేర్పేవి తక్కువే, కానీ నేర్పింది చేతికి పట్టేదాకా వదలరు.

ముడుల సంగతే చూడండి. ఎనిమిది అంకె ముడి, క్లోవ్ హిచ్, ఇటాలియన్ హిచ్, ప్రూసిక్. అంతే. ఇంట్లో కూర్చుని వీటిని ఎవరైనా నేర్చుకోవచ్చు. మందపాటి చేతి తొడుగులతో, ఈదురుగాలిలో, తడిసి గడ్డకట్టి కర్రలా బిగుసుకున్న తాడుతో వేయడం మాత్రం వేరే విద్య. మా శిక్షకుడు తొడుగులు తీయనిచ్చేవారు కాదు. వేసిన ప్రతి ముడినీ వేలితో తడిమి, జంట వరుసలు మెలిక పడకుండా పక్కపక్కనే సాగాయా, చివర తగినంత తాడు మిగిలిందా అని చూసేవారు. తేడా ఉంటే ఏమీ అనకుండా విప్పేసి తాడు మళ్లీ చేతికిచ్చేవారు. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో ప్రచారంలోకి తెచ్చిన ముడి బరువు పడితే తాడును పట్టేస్తుంది, బరువు తీస్తే కదులుతుంది. మంచు పేరుకున్న తాడు మీద అదే ముడి ఎలా జారిపోతుందో, ఇంకో చుట్టు వేస్తే ఎలా పట్టు దొరుకుతుందో కళ్లారా చూపించారు.

జారినప్పుడు, ఒక పక్క కొక్కెం, మరో పక్క వెడల్పు అంచు ఉండే మంచు గొడ్డలి ఐస్ యాక్స్‌తో ఆగే సాధన కూడా బాగుంది. కింద ఏ అడ్డూ లేకుండా మెల్లగా చదునయ్యే వాలు ఎంచుకున్నారు. బూట్ల కింద బిగించే ముళ్ల చట్రాలు, అంటే క్రాంపాన్లు, విప్పించారు, హెల్మెట్లు పెట్టించారు. బోర్లా, వెల్లకిలా, తల కిందుగా, ఇలా అన్ని తీర్లలో జారాలి. జారగానే వెడల్పు అంచును భుజం కింద ఇరికించి, కొక్కెం వైపు మంచులోకి దిగేలా ఛాతీ బరువంతా మోపాలి. అయినా శిక్షకుడు పదేపదే చెప్పింది వేరే మాట: గట్టి మంచు మీద వేగం అందుకున్నాక ఆగడం కష్టం, కాబట్టి అడుగు సరిగా వేయడమే అసలు రక్షణ. ఆ మాట నాకెంతో నచ్చింది.

ఇక అన్నిటికన్నా విలువైన పాఠం యాంకర్, అంటే తాడును నిలిపి ఉంచడానికి మంచులో కట్టే ఆధారం. లాగే దిశకు అడ్డంగా కందకం తవ్వి, ఐస్ యాక్స్‌ను పడుకోబెట్టి, దాని మధ్య భాగానికి స్లింగ్ అనే పట్టీ ఉచ్చు కట్టి పూడ్చాలి. స్లింగ్ బయటికి రావడానికి సన్నని గాడి కూడా తవ్వాలి. గాడి లోతు తక్కువైతే లాగుడు పైకి పడి యాక్స్ పెకలివస్తుంది. మేం కట్టినవాటిని అవి ఊడేదాకా మా చేతే లాగించారు. మెత్తటి మంచులో ఎంత తేలిగ్గా ఊడిందో చూశాక నాకు తాడు మీద గుడ్డి నమ్మకం పోయింది.

లోపాలూ ఉన్నాయి. మంచు చరియల పాఠం బాగా కుదించారు. చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదే విరిగిపడతాయని చెప్పారు గానీ, వాలు కొలిచే సాధన చేయించలేదు. కూరుకుపోయిన మనిషిని 457 కిలోహెర్ట్జ్ రేడియో సంకేతంతో వెతికే ట్రాన్సీవర్ అనే పరికరంతో సాధన ఒక్కొక్కరికీ కొద్ది నిమిషాలే దక్కింది. పావుగంట దాటితే బతికే అవకాశం వేగంగా పడిపోయే ప్రమాదమిది. దీనికి అంత తక్కువ సమయమా? మంచు పగులులో పడ్డవారిని కప్పీలతో పైకి లాగే రోజున శిక్షకుడికి మరీ ఎక్కువ మంది ఉండటంతో చాలాసేపు నిలబడి చూడటమే సరిపోయింది.

చేరే ముందు ఒక్కో శిక్షకుడికి ఎంతమందిని కేటాయిస్తారో, ట్రాన్సీవర్ సాధనకు ఎంత సమయమిస్తారో రాతపూర్వకంగా అడగండి. అక్కడ ఇచ్చే క్రాంపాన్లు మీ బూట్లకు సరిపోతాయో లేదో బయలుదేరకముందే బిగించి చూసుకోండి. వంగే అట్ట ఉన్న బూట్లకు గట్టి క్రాంపాన్లు నిలవవు.