ఎల్లిస్ ఐలాండ్ ఆసుపత్రి టూర్: ఒక పాత శానిటరీ ఇన్‌స్పెక్టర్ రివ్యూ

ముప్పై ఒక్క ఏళ్లు మునిసిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. వెళ్లినప్పుడల్లా అల్లుడు మాల్స్ తిప్పుతాడు. ఈసారి నేనే పట్టుబట్టి న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ఐలాండ్ అనే దీవి మీదున్న పాత ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను. దాన్ని హార్డ్ హ్యాట్ టూర్ అంటారు. తలకి హెల్మెట్ పెట్టి గంటన్నర నడిపిస్తారు.

టికెట్ అధికారిక ఫెర్రీ సైట్‌లోనే కొనండి. అల్లుడు ఇంకేదో సైట్‌లో కొంటే అందులో దీవి వరకే ఉంది, ఆసుపత్రి లేదు. ఆ డబ్బులు పోయినట్టే. పదమూడేళ్లలోపు పిల్లల్ని టూర్‌కి రానివ్వరు కాబట్టి మనవరాలితో మా ఆవిడ మ్యూజియంలోనే ఉండిపోయింది.

1892 నుంచి 1954 దాకా కోటీ ఇరవై లక్షల మంది ఈ దీవి మీదుగా అమెరికాలో అడుగుపెట్టారు. ఓడలో కలరా, ఎల్లో ఫీవర్ లాంటివి ఉంటే ముందే రేవు ముఖద్వారంలోని స్టేటెన్ ఐలాండ్ దగ్గర ఆపేసేవారు. అది దాటాక మొదటి, రెండో తరగతి వాళ్లని ఓడలోనే చూసి పంపించేసేవారు. దీవికి తెచ్చి పరీక్ష చేసేది మూడో తరగతి వాళ్లనే. సూక్ష్మజీవి టికెట్ చూసి ఎక్కుతుందా అని గొణిగితే అల్లుడు మోచేత్తో పొడిచాడు.

డాక్టరు కొన్ని సెకన్లు చూసేవాడు. అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో ఒక అక్షరం రాసేవాడు: గుండెకి H, కళ్లకి E. ట్రకోమా అనే అంటు కంటిజబ్బు కోసం కనురెప్పని వెనక్కి మడిచి చూసేవారు, ఒక్కోసారి బూట్ల గుండీలు పెట్టుకునే కొక్కెంతో. నాకు శుక్లాల ఆపరేషన్ అయి ఆరు నెలలే. వింటుంటేనే కళ్లలో నీళ్లు తిరిగాయి. 1903 చట్టంతో, ఓడ ఎక్కేచోటే కనిపెట్టగలిగిన రోగిని తెచ్చిన ఓడ కంపెనీకి తలకి 100 డాలర్ల జరిమానా పెట్టారు. దాంతో కంపెనీలు అవతలి రేవుల్లోనే గట్టిగా పరీక్షలు చేయించడం మొదలుపెట్టాయి. మా ఊరి హోటళ్లూ అంతే, ఫైన్ వేశాకే వంటగది కడిగేవి.

నాకైతే అన్నిటికన్నా లాండ్రీ నచ్చింది. రోజుకి 3,000 బట్టలు ఉతికేవారట. తుప్పు పట్టిన మిషన్లు ఇంకా ఉన్నాయి. తర్వాత పరుపులు వేసే ఆటోక్లేవ్, అంటే ఆవిరితో క్రిముల్ని చంపే మిషన్, చూపించారు. నేను చూసిన ఆటోక్లేవులన్నీ మహా అయితే పెద్ద కుక్కరంత. ఇందులో పరుపుకి పరుపే పడుతుంది! పక్కనున్న కుర్రాడు ఇక్కడ దెయ్యాలున్నాయా అని అడిగాడు. నేను ఫినాయిల్ ఎక్కడ పెట్టేవారని అడిగాను.

1911లో తెరిచిన అంటురోగాల వార్డులు చూడండి. గోడా నేలా కలిసేచోట మూల లేకుండా గుండ్రంగా పోశారు, దుమ్ము చేరకుండా. వార్డులు కూడా ఎదురెదురుగా కాకుండా ఒకటి తప్పించి ఒకటి కట్టారు, ఒకదాని గాలి ఇంకోదాంట్లోకి పోకుండా. యాంటీబయాటిక్స్ లేని రోజులు కదా, గాలి, ఆవిరి, సబ్బు మీదే బండి నడిచింది. ఈ ఆసుపత్రిలో 3,500 మంది పోయారు, 350 మంది పుట్టారు. పాత ఫొటోలు పెద్దవి చేసి గోడలకీ కిటికీలకీ అతికించారు. తలకి గుడ్డలు చుట్టిన పిల్లల ఫొటో దగ్గర మాత్రం అందరూ మాటలు ఆపేశారు.

గైడ్ ఇంగ్లిష్ కాస్త స్పీడు, సగం అల్లుడు చెప్తేనే అర్థమైంది. చెప్పులతో వెళ్లొద్దు, బూట్లు తప్పనిసరి. మోకాళ్ల నొప్పులుంటే ఆలోచించుకోండి. నా వరకు ఐదుకి ఐదు.

తిరుగు ఫెర్రీలో మా ఆవిడ "ఏం చూశారేంటి?" అంది. పరుపులు ఉడకబెట్టే మిషన్ అన్నాను. "దానికోసం అమెరికా రావాలా?" అని మనవరాలికి చిప్స్ ప్యాకెట్ విప్పింది.